కుక్కతో కొండబాట

మొగుళ్లపల్లికి చేరువను, రేగొండ ప్రాంతమున, పాండవుల గుట్టలు కలవు. అచ్చట ఇసుకరాతి బండలు గోడలవలె నిలిచియుండును. వానిపై ఆదిమ మానవుడు వ్రాసిన మృగముల చిత్తరువులు 1990లో బయల్పడినవి. ఆ గుట్ట లెక్కుటకును, అడవిబాటల దిరుగుటకును నేడు యువకులు వచ్చుచున్నారు. ఇట్టి బాటలకు వెంట కుక్కను గొనిపోవువారును కలరు.

పాండవుల పేరిటి కొండకు కుక్క వచ్చుట వింతగాదు. మహాప్రస్థానమున ద్రౌపదియు, తమ్ములును ఒక్కరొక్కరుగా పడిపోగా, ధర్మరాజును కడదాక వెంబడించినది కుక్కయే. దానిని విడిచి రథ మెక్కనని ఆయన ఇంద్రునితో పలికెను.

అయితే వెంబడించు జంతువు తన బాధను నోట చెప్పజాలదు. మనకు మేనెల్ల చెమట పోయును. కుక్కకు అరికాళ్లలో కొలదిగా తప్ప పోయదు. నాలుక చాపి రొప్పుటయే దానికి చల్లదనము. పందెము మనకే కాని దానికి లేదు. అయినను యజమానుడు పరుగెత్తిన, అదియు కూలువఱకు పరుగెత్తును! కావున తెల్లవాఱగనే బయలుదేరి, బండ కాగకమున్నే దిగవలెను. బండపై చేయి నిలువనిచో దాని పాదములును నిలువవు. గొనిపోవు నీటిలో దాని పాలును ఉండవలెను.

మెడత్రాడు విడుచుట తగదు. 2018లో గిర్ అడవిలో సింహములను చంపిన డిస్టెంపరు కుక్కలకు సోకు వ్యాధియే. టీకా వేయించనిదే కుక్కను అడవిలోనికి గొనిపోరాదు.