బెంచీ మీది పిల్లలు

నాలుగేళ్ల కిందట మా మేరీలాండ్ హైస్కూల్ అమ్మాయిల లాక్రాస్ టీమంటే ఇద్దరు ముగ్గురే. వాళ్లు అలిసిపోతే మ్యాచ్ పోయినట్టే. నిన్న కోచ్ బెంచీ మీంచి నలుగురిని దింపితే తేడానే తెలీలేదు! ఒక పిల్ల ఎడమచేత్తో విసిరితే, గోలీ స్టిక్ ఎత్తేలోపు బంతి వలలో ఉంది.

ఇక్కడి మెక్‌డొనో స్కూల్ అమ్మాయిలు 2009లో ఓడాక మళ్లీ ఓడింది 2018లోనే. మధ్యలో వరసగా 198 గెలుపులు. ఇకమీదట అలాంటిది జరుగుతుందంటే నేను నమ్మను. ఇప్పుడు ఏ స్కూల్లో చూసినా గట్టి పిల్లలే. చిన్నప్పట్నుంచే క్లబ్బుల్లో ఆడించేస్తున్నాం మరి (ఆ ఫీజుల సంగతి అడక్కండి).

మా అమ్మాయా? బెంచీ మీదే. గాగుల్స్ తుడుచుకుంటూ, స్కోరుబోర్డు వంక చూస్తూ.