పడవల రేవు దగ్గర దిగాలి

విజయవాడలో ఇల్లెక్కడో చెప్పడానికి డోర్ నంబరు అక్కర్లేదు, సెంటరు పేరు చెబితే చాలు. చుట్టుగుంట, మాచవరం డౌన్, బెంజి సర్కిల్, రామవరప్పాడు రింగ్. సత్యనారాయణపురం వైపు వెళ్ళేవాళ్ళు ఆటో ఎక్కి "పడవల రేవు" అంటారు. అక్కడ దిగి చూస్తే పడవా కనపడదు, రేవూ కనపడదు. ఏలూరు కాలువ మాత్రం పారుతూ ఉంటుంది. కృష్ణ మీద 1855లో ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలువలు పొలాలకు నీళ్ళతో పాటు ఊళ్ళకు సరుకులూ మోశాయి. ఏలూరు కాలువ మీదుగా గోదావరి జిల్లాలకు, కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువల మీదుగా మద్రాసుకు పడవలు నడిచాయి. తర్వాత రైళ్ళొచ్చాయి, లారీలొచ్చాయి, పడవలు పోయాయి. పేరు మాత్రం జనం నోట్లో ఉండిపోయింది.

డాలస్ దగ్గర ఒక యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న బెజవాడ కుర్రాడొకడికి ఇంటి గుర్తు ఇప్పటికీ అదే. కొత్తగా పరిచయమైన తెలుగువాళ్ళెవరైనా "బెజవాడలో ఎక్కడ?" అని అడిగితే ఠక్కున "పడవల రేవు దగ్గర" అంటాడు. అడిగినవాళ్ళది గుణదలో, భవానీపురమో అయితే ఆ పూట మాటలకు కొదవుండదు.

2021 ఆగస్టులో, రాత్రి బస్సులో శంషాబాద్ వెళ్ళి విమానం ఎక్కాడు. గన్నవరం నుంచి సింగపూర్‌కు 2018 డిసెంబరులో విమానం మొదలైనా మరుసటి ఏడే ఆగిపోయింది. అమెరికా వెళ్ళే బెజవాడ పిల్లలకు హైదరాబాదు దారే మళ్ళీ దిక్కయింది. అలా వెళ్ళేవాళ్ళు ఆ ఏళ్ళలో పెరుగుతూ వచ్చారు. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. పదిహేనేళ్ళ తర్వాత ఆ లెక్కలో మన దేశం చైనాను దాటింది. ఆ అంకెలో ఒకడిగా వెళ్ళిన ఈ కుర్రాడు మొదట ఎం.ఎస్. పూర్తి చేసి, తర్వాత పీహెచ్‌డీలో చేరాడు. రెండేళ్ళనుకున్నది ఏళ్ళకు ఏళ్ళయింది. ఈలోగా ఊరు అతని కోసం ఆగలేదు.

అతను బయల్దేరేనాటికి కనకదుర్గ ఫ్లైఓవర్ తెరిచి ఏడాది కూడా కాలేదు. 2020 అక్టోబరు 16న దాని ప్రారంభం జరిగాక స్నేహితులతో కలిసి, ఒక పక్క కొండ, ఒక పక్క కృష్ణ చూసుకుంటూ బండి మీద అటూ ఇటూ తిరిగిన వారంలోనే ఆ దారి అతనికి సొంతమైపోయింది. బెంజి సర్కిల్ దగ్గర మాత్రం అప్పటికి ఒక వైపే వంతెన. రెండోది 2022 ఫిబ్రవరిలో తెరిచారు. ఆ వీడియోను అతను లైబ్రరీలో కూర్చుని చూశాడు. ఫోనులో నాన్నను అడిగిన మొదటి ప్రశ్న, "మరి కింద సిగ్నల్ దగ్గర ఎంతసేపు పడుతోంది నాన్నా?" నాన్న జవాబులో ఊరు మొత్తం ఉంది: "పైన పోయేవాళ్ళు మన ఊరివాళ్ళు కాదురా. మనం కిందే."

రెండు నెలలు తిరక్కుండానే జిల్లా మారిపోయింది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా వచ్చింది, కృష్ణా జిల్లా మచిలీపట్నం కేంద్రంగా మిగిలింది. పదో తరగతి నుంచి అన్ని సర్టిఫికెట్లలో "కృష్ణా జిల్లా" అని రాసుకున్న కుర్రాడు తర్వాతి దరఖాస్తులో జిల్లా గడి దగ్గర ఆగిపోయాడు. ఆ విభజనలో గన్నవరం కృష్ణాలో ఉండిపోయింది. అంటే విజయవాడ పేరున్న విమానాశ్రయం ఒక జిల్లాలో, విజయవాడ ఇంకో జిల్లాలో. కృష్ణ ఒడ్డున పుట్టినవాడు కృష్ణా జిల్లావాడు కాకపోవడమేమిటని అతనికి మనసులో గుచ్చుకుంది. దరఖాస్తు మాత్రం కొత్త పేరుతోనే నింపాడు.

స్వరాజ్ మైదానం సంగతి ఇంకా దగ్గరిది. పెద్దవాళ్ళు పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ అనే ఆ మైదానంలోనే కొత్త సంవత్సరం మొదటి రోజుల్లో పుస్తక మహోత్సవం జరిగేది. అట్లూరి పిచ్చేశ్వరరావును, చాసోను, రావిశాస్త్రిని అతను మొదట కొన్నది అక్కడి దుకాణాల్లోనే. దుమ్ములో నడిచి, మిరపకాయ బజ్జీలు తిని, రెండు చేతుల్లో సంచులతో బందరు రోడ్డు మీదికి వచ్చేవాడు. 2024 జనవరి 19న అదే చోట అంబేడ్కర్ స్మృతివనం తెరుచుకుంది. 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల విగ్రహం. దూరం నుంచే కనపడే ఆ విగ్రహం ఫొటో చెల్లెలు పంపినప్పుడు అతను చాలాసేపు చూశాడు. అంబేడ్కర్ పుస్తకాన్ని మొదటిసారి చేతిలోకి తీసుకున్నదీ ఆ నేల మీదే. పుస్తకాల పండగ వేరే మైదానానికి వెళ్ళింది. ఏటా జనవరిలో చెల్లెలికి ఫోన్ చేసి, ఈసారి ఎక్కడ పెట్టారో, ఏ స్టాలు ఎక్కడుందో అడుగుతాడు. తనకు కావలసిన పుస్తకాల జాబితా పంపుతాడు.

ఒకప్పుడు ఇలా దూరదేశం వెళ్ళినవాడికి నీలం రంగు ఏరోగ్రామ్ దిక్కు. అది చేరేసరికి అందులోని జ్వరం తగ్గిపోయి ఉండేది, పెళ్ళి అయిపోయి ఉండేది. ఇప్పుడు సాయంత్రం ఆరున్నరకు దేవుడి దగ్గర దీపం పెట్టి అమ్మ ఫోన్ చేస్తే డాలస్‌లో ఉదయం ఎనిమిది. నవంబరులో అక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పాక అదే ఫోన్ ఏడింటికి మోగుతుంది. ఆ ఫోనులో ఊరి వార్తలు వీధి కొలతలో వస్తాయి. ఎదురింటి పెంకుటిల్లు డెవలప్‌మెంట్‌కిచ్చారు. స్థలం వాళ్ళది, కట్టేది బిల్డరు, ఫ్లాట్లు చెరి సగం. కింద కార్లు, పైన అయిదంతస్తులు. పొద్దున వంటింట్లోకి వచ్చే ఎండ ఇక రాదు. "బట్టలన్నీ మేడ మీదికి మోసుకెళ్తున్నానురా" అంటుంది అమ్మ.

ఊరు పెరిగిన కబురు పత్రికల్లో ఎకరాల్లో, కోట్లలో వస్తుంది. అమ్మ దాన్ని వంటింట్లోని ఎండతో కొలుస్తుంది.

ఆ కుర్రాడికి ఇంకో కొలత దొరికింది. గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలను ఏడాది ఏడాదిగా వెనక్కి జరిపి చూడొచ్చు. చదువు అలసట తీర్చుకోవడానికి రాత్రిళ్ళు అదే పని పెట్టుకున్నాడు. మొదట తన వీధి. దాని వెనకాల బీఆర్‌టీఎస్ రోడ్డు. ఆ రోడ్డున్న చోట ఒకప్పుడు రైలు పట్టాలుండేవని తాతయ్య చెబుతుంటే చిన్నప్పుడు నమ్మేవాడు కాదు. తర్వాత కృష్ణ దాటి అవతలి ఒడ్డు. 2014కు ముందు చిత్రాల్లో అదంతా పొలాలు. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో రాజధానికి శంకుస్థాపన జరిగాక పచ్చదనం మీద గీతలు మొదలయ్యాయి. 29 గ్రామాల రైతులు సమీకరణకు ఇచ్చిన భూమి 33 వేల ఎకరాలకు పైనే. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక గీతలు ముందుకు జరగలేదు. కట్టడాల చుట్టూ తుమ్మ మొలిచింది. 2025 మే 2న పనులు మళ్ళీ మొదలయ్యాయి. అతని ఇంజనీరింగ్ సహపాఠి ఒకడిది ఆ గ్రామాల్లోనే ఒకటి. అయిదేళ్ళలో ఆ ఇంట్లో ఏం జరిగిందో ఏ ఉపగ్రహమూ చూపించలేదు. అది తెలియాలంటే ఫోన్ చెయ్యాలి. అతను చేసేవాడు.

గొల్లపూడి దగ్గర కృష్ణ మీద మూడు కిలోమీటర్లకు పైగా పొడవున లేచిన వంతెననూ అతను అలాగే చూశాడు, స్తంభం తర్వాత స్తంభం. చిన్న అవుటపల్లి నుంచి గొల్లపూడి మీదుగా చినకాకాని దాకా వేసిన పశ్చిమ బైపాస్‌లో అది ముఖ్యమైన ముక్క. అది తెరిచాక హైదరాబాదు నుంచి గుంటూరు వైపు పోయే లారీ ఊళ్ళోకి రానక్కర్లేదు. నాన్న బెంజి సర్కిల్ దగ్గర కాచుకునే సమయం ఎంత తగ్గుతుందో అతను డాలస్‌లో కూర్చుని కాగితం మీద లెక్కలు కట్టేవాడు.

అన్ని లెక్కలూ ఒక శనివారం రాత్రి తలకిందులయ్యాయి.

2024 ఆగస్టు 31న విజయవాడ మీద వాన విరుచుకుపడింది. మొగల్రాజపురంలో కొండచరియ ఇళ్ళ మీద పడి ప్రాణాలు పోయాయి. డాలస్‌లో ఆ రాత్రి పది గంటలప్పుడు, అంటే బెజవాడలో ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకు, పాయకాపురంలో ఉన్న పిన్ని నుంచి ఒక ఫొటో వచ్చింది. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు. అరగంటకు ఇంకోటి, ఈసారి మెట్ల మీద. తర్వాత కరెంటు పోయింది. మధ్యాహ్నానికి పిన్ని ఫోన్ కూడా మూగబోయింది.

అతను మ్యాపు తెరిచి బుడమేరును వెతికాడు. పుట్టి పెరిగిన ఊళ్ళో దాన్ని అతను మురుగుకాలువ అనుకున్నాడే గాని ఏరనుకోలేదు. సింగ్‌నగర్ వంతెన దాటేటప్పుడు ముక్కు మూసుకోవడమే దానితో అతనికున్న పరిచయం. ఆ రాత్రి దాని దారి మొత్తం వేలితో తడిమాడు. మైలవరం వైపు కొండల్లో మొదలై, వెలగలేరు రెగ్యులేటర్ దాటి, ఊరి ఉత్తరపు వాడల్లోంచి కొల్లేరుకు పోయే ఏరు అది. వరద వస్తే వెలగలేరు నుంచి మళ్ళింపు కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలోకి వదలాలి. అయితే ఆ రోజు కృష్ణే నిండుగా ఉంది. వచ్చిన నీటిని తీసుకునే చోటు లేదు. గండ్లు పడ్డాయి. ఊరు పెరిగే తొందరలో సన్నబడిపోయిన ఏరు తన పాత దారి వెతుక్కుంటూ సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ఇళ్ళలోకి వచ్చేసింది.

సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 1957లో బ్యారేజీ కట్టాక అంత ఎప్పుడూ రాలేదు. 2009 అక్టోబరు నాటి 11.10 లక్షల రికార్డు చెరిగిపోయింది. తెగిపోయి కొట్టుకొచ్చిన పడవలు గేట్ల దగ్గర గుద్దుకున్నాయి. 2009లో మునిగిన కృష్ణలంకను ఈసారి నది ఒడ్డున కట్టిన రిటైనింగ్ వాల్ కాపాడింది. అందరూ భయపడిన నది వైపు ఇళ్ళు నిలిచాయి, ఎవరూ పట్టించుకోని ఏటి వైపు ఇళ్ళు మునిగాయి.

ఆ మూడు రోజులు అతని ఇంజనీరింగ్ క్లాసువాళ్ళంతా ఒక్కటయ్యారు. సిడ్నీలో ఇద్దరు, డబ్లిన్‌లో ఒకడు, అమెరికాలో పదిమంది. ఎవరి పెద్దవాళ్ళు ఏ వీధిలో, ఏ అంతస్తులో ఉన్నారు, ఎవరికి షుగరు మందులు కావాలి, ఎవరింట్లో పసిబిడ్డ ఉంది అని ఒక పట్టిక తయారుచేశారు. ఊళ్ళో అందరూ సొమ్మసిల్లి నిద్రపోయే వేళ వీళ్ళలో చాలామందికి పగలు. తెల్లారేసరికి ఆ పట్టిక సరిచేసి, సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గరున్న స్నేహితులకు పంపేవారు. ఆ ఫ్లైఓవరే అప్పుడు రేవు. అక్కణ్ణుంచే పడవలు బయల్దేరేవి, అక్కడికే జనాన్ని తెచ్చేవి. డ్రోన్లు మేడల మీద అన్నం పొట్లాలు దించుతున్నాయి. అమ్మ, పక్కింటివాళ్ళు కలిసి పులిహోర చేసి పంపారు.

అతను అమ్మకు క్యూసెక్కుల్లో చెప్పేవాడు. అమ్మ మెట్లలో చెప్పేది. "నాలుగో మెట్టు తేలిందంట నాన్నా. పిన్ని వాళ్ళు పైనింటి వాళ్ళ దగ్గర ఉన్నారంట." అంకెలు తగ్గిన ఎన్ని గంటలకు మెట్లు తేలుతున్నాయో రాసుకుంటూ, రేపటికి వీధిలో నడవగలరా లేదా అని ఇద్దరూ కలిసి అంచనా వేశారు. సైన్యం కూడా చేయి కలిపాక వారానికి గండ్లు పూడాయి. పిన్ని ఫోన్ మళ్ళీ మోగింది.

ఆ డిసెంబరులో అతను ఇంటికి వచ్చాడు. మూడో రోజే పాయకాపురం వెళ్ళాడు. బీరువా కొత్తది, ఫ్రిజ్ కొత్తది, మంచం కొత్తది. హాలుకు సున్నం వేయించారు గాని వెనక గది గోడ అలాగే ఉంది. దాని మీద గోధుమరంగు గీత, ఈ చివరి నుంచి ఆ చివరికి, మట్టంతో గీసినట్టు. చిన్నప్పుడు వేసవి సెలవులకు వచ్చినప్పుడల్లా పిల్లల్ని వరసగా నిలబెట్టి, పెన్సిలుతో ఎత్తు గీసి పేర్లు రాసిన గోడ కూడా అదే. నీటి గీతకు కింద ఉన్న పేర్లు చెరిగిపోయాయి. పైన రెండో మూడో మిగిలాయి.

"ఆ గీత దాకా వచ్చినయ్యిరా నీళ్ళు" అంది పిన్ని. అతను దగ్గరికెళ్ళి నిలబడితే అది అతని ఛాతీ దగ్గరికి వచ్చింది.

"సున్నం ఎందుకు వేయించలేదు పిన్నీ?"

"వేయిస్తాలే. ముందు నువ్వొస్తావని ఆగాను." కొత్త బీరువా సొరుగు లాగి పెన్సిలు తీసింది. "చెప్పులు విప్పు. తల నిటారుగా పెట్టు."

అతను గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పిన్ని స్టూలు ఎక్కింది.