చచ్చిన కాలేజిలో ఒక పూట

చెన్నపట్టణములోని ఎగ్మూరు ప్రదర్శనశాలను పూర్వము జనులు 'చచ్చిన కాలేజి' యని పిలుచుచుండెడివారు. చచ్చిన జంతువులను అందు నిలిపియుంచుటయే యా పేరునకు కారణము. ప్రాణముతోనున్న మృగములను జూపు తోట 'బ్రతికిన కాలేజి'. ఈ మాట మా అత్తగారు చిన్ననాడెప్పుడో వినియుండిరి. "రేపు కంటికి కత్తి పెట్టించుకొనబోవుచు నేడు చచ్చిన కాలేజికి పోవుదునా? నేను రాను" అని భీష్మించుకొని బసలో కూర్చుండిరి.

మేము చెన్నపట్టణమునకు వచ్చినది ఆమె కంటి శుక్లము తీయించుటకే. వైద్యులు మరునాడు రమ్మనుటచే ఒక దినము చేత మిగిలినది. దానిని గూర్చి మాలో ఐకమత్యము లేదు. మావారికి పాత శాసనములన్న ప్రాణము. అమ్మాయి చేత నెప్పుడును బొమ్మలు వ్రాసికొను పుస్తకముండును. ఆమెకు కంచు విగ్రహములు కావలెను. పదేండ్ల అబ్బాయికి తిమింగిలపు ఎముకల గూడు తప్ప వేరొకటి పట్టదు. మాకేమి కావలెనని అడిగినవారు లేరు. నిజము చెప్పవలెనన్న, తిరువెణ్కాడున దొరకిన అర్ధనారీశ్వరుని కంచు విగ్రహమును జూడవలెనని మాకును మనసున నుండెను. ఫలహారముల సంచి మోయువారి కోరిక ఎవరికి జ్ఞప్తి యుండును?

అత్తగారిని ఒంటరిగా విడువరాదు. చచ్చిన జంతువులున్న వైపునకే తీసికొనిపోమని మాట యిచ్చి, ఎట్లో బయలుదేరదీసితిమి.

ఈ ప్రదర్శనశాల 1851లో స్థాపింపబడినది. ఒక భవనము కాదు. విశాలమగు ఆవరణలో పెక్కు భవనములున్నవి. అందరమును కలిసియే అన్నియు జూడవలెనని తలచుట మేము చేసిన మొదటి తప్పు. మావారు ఒక శాసనము కడ నిలిచిన కదలరు. అబ్బాయి చేయి పట్టి లాగుచుండును. అమ్మాయి ముఖము ముడుచుకొని వెనుక నడచును. అర్ధగంట గడచునప్పటికి ఎవరును ఏమియు జూడలేదు. అబ్బాయి కంట నీరు వచ్చినది. సోదరీమణులు పిల్లలతో ఇట్టి చోటులకు పోయినపుడు మావలె చేయకుందురు గాక! తుదకు తండ్రీకొడుకులు తిమింగిలము వైపునకును, అమ్మాయి కంచు విగ్రహముల వైపునకును పోవునట్లును, గంట తరువాత అమరావతి శిల్పముల కడ అందరమును కలిసికొనునట్లును ఏర్పాటు చేసికొంటిమి. అత్తగారికి కాళ్లు నొచ్చుచుండుటచే మేమిరువురము ముందుగనే అచ్చటికి చేరితిమి.

గోడల పొడుగున తెల్లని, బూడిదవన్నె రాళ్లు. చూపు మసకయైన యామెకు అవి వట్టి పలకలవలెనే తోచియుండును. "ఇవి ఏ యూరివమ్మా?" అని యడిగిరి.

"అమరావతివి, అత్తయ్యగారూ."

ఆమె మాటాడలేదు. ఆమె పుట్టినయూరు అమరావతికి రెండు కోసుల దూరమున, కృష్ణయొడ్డున నున్నది. పుట్టింటివారి యిల్లు అమ్ముడుపోయి యిరువది యేండ్లాయెను. ఆ తరువాత ఆమె ఆ దిక్కునకు పోలేదు. కొంత సేపటికి మెల్లగా చెప్పనారంభించిరి. ప్రతి శివరాత్రికిని నాయనగారు బండి కట్టి అమరేశ్వరుని గుడికి తీసికొనిపోయెడివారట. "అచ్చట దీపాలదిన్నె యని ఒక దిబ్బ యుండెను. గుంటలును గడ్డియు తప్ప మేమేమియు జూడలేదు. దాని రాళ్లా యివి?"

అప్పుడే మావారు వచ్చిరి. తల్లి ఏదేని యడుగుట యరుదు గనుక ఆయన ఉత్సాహముతో చెప్పసాగిరి. 1797లో కాలిన్ మెకంజీ యను దొర ఆ దిబ్బను జూచెను. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి చాల రాళ్లను చెన్నపట్టణమునకు పంపెను. వానిలో పెక్కింటిని 1859లో ఓడ యెక్కించి లండనునకు చేర్చిరి. నేటికిని అవి బ్రిటిష్ మ్యూజియములో నున్నవి. కొన్ని అమరావతిలోనే యున్నవి.

"పట్టుకొనిపోయినవారు సరే, పోనిచ్చినవారెవరు?" అని అత్తగారు ప్రశ్నించిరి.

మావారు తడబడిరి. దొరలు రాకమునుపే మనవారు ఆ రాళ్లను ఇండ్లకును గుళ్లకును వాడుకొనిరనియు, ఇది పాలరాయి కాక పలనాటి సున్నపురాయి యగుటచే కొన్నిటిని కాల్చి సున్నము చేసిరనియు చెప్పక తప్పలేదు. అత్తగారు తల వంచుకొనిరి. ఆ సున్నముతో పూసిన గోడలలో తమ యూరివి ఎన్నియో యని తలచిరేమో, మేమడుగలేదు.

మావారు మాట మార్చి, అమరావతి శాసనములలో విధికుడను చర్మకారుడు తల్లితోను భార్యతోను బంధువులతోను కూడి పూర్ణకుంభపు పలకను దానమిచ్చినట్లున్నదనియు, ఇల్లాండ్రును భిక్షుణులును ఇచ్చిన పలకలును గలవనియు చెప్పిరి. రాజులే కట్టించిరని తలచియుండిన మాకు ఇది క్రొత్త సంగతి. దాదాపు రెండువేల యేండ్లనాడు ఒక యింటివారందరును ఒక్క రాతికై కూడబలుకుకొనిరి. మేమొక్క పూటకే కూడబలుకుకొనలేకపోతిమి!

ఇంతలో అబ్బాయి "నాయనమ్మా, ఏనుగు!" అని కేక వేసెను. అత్తగారు వానిని దగ్గరకు తీసికొని "నాకు కనబడదు నాయనా, ఏమున్నదో చెప్పు" అనిరి. తిమింగిలము తప్ప వేరేమియు నెరుగని వాడు ఆ గుండ్రని పలకయెదుట నిలిచి చాలసేపు చెప్పెను. ఎడమవైపున మదించిన ఏనుగు మనుష్యుని పట్టి యీడ్చుచున్నది. జనులు బెదరి పారుచున్నారు. ఒకామె వెనుకకు ముడుచుకొనుచున్నది. గవాక్షములనుండి కొందరు చూచుచున్నారు. కుడివైపున అదే యేనుగు బుద్ధదేవుని యెదుట మోకరిల్లినది. "రెండు ఏనుగులా?" అని వాడే సందేహించి, "కాదు, ఒకటే. ముందు కోపము, తరువాత శాంతము" అని వాడే సమాధానము చెప్పుకొనెను. నాళాగిరి కథ వానికెవరును చెప్పియుండలేదు. కంచు విగ్రహముల కడనుండి వచ్చిన అమ్మాయి నిలుచుండియే ఆ బెదరిన స్త్రీని పుస్తకమున వ్రాసికొనినది.

చీకటిపడు వేళకు బసకు చేరితిమి. సంచిలోని పులిహోర అటులనే యుండెను. అర్ధనారీశ్వరుని మేము చూడనే లేదు. అమ్మాయి వ్రాసిన బొమ్మలో జూచి తృప్తిపడితిమి.

మరునాడు శస్త్రము జరిగినది. ఆ మరుసటి యుదయమున కట్టు విప్పి, ఏమేని కావలెనా యని వైద్యులడుగగా, అత్తగారు మావైపు తిరిగి, "చచ్చిన కాలేజికి మరియొకసారి తీసికొనిపోదురా?" అనిరి. మధ్యాహ్నపు రైలునకు టిక్కెట్లు అంతకు ముందే కొనియుంటిమి.