పిన్నీ, అది చచ్చిపోలేదు.. బట్టలు మార్చుకుంటోంది!

ఖమ్మం నుంచి భద్రాచలం దాదాపు 120 కిలోమీటర్లు. రాములవారి దర్శనానికో, పర్ణశాల చూడటానికో, పాపికొండల లాంచీ ఎక్కడానికో జనం ఈ రోడ్డెక్కుతారు. కొత్తగూడెం దాకా బొగ్గు లారీలే. పాల్వంచ దగ్గర థర్మల్ కేంద్రం చిమ్నీలు. ఆ దుమ్ములో వెళ్తుంటే పక్కనే అడవి ఉందంటే నమ్మబుద్ధి కాదు. ఒక్కసారి కిన్నెరసాని వైపు బండి తిప్పండి, సీన్ మారిపోతుంది. టేకు, మద్ది, ఇప్ప, వెదురు. ఏప్రిల్, మే నెలల్లో ఆకు కోసిన తునికి చెట్లు మళ్లీ పచ్చబడుతున్నాయి. జులై మొదటి వారం. రెండు వానలు గట్టిగా పడినట్టున్నాయి, మట్టి వాసన హెల్మెట్‌లోకి కూడా వచ్చేస్తోంది.

కిన్నెరసానిలో అందరూ డ్యామ్ చూస్తారు, జింకల పార్కు చూస్తారు, నీళ్లలో మొసలి తల కనిపిస్తే రీల్ తీస్తారు. మేం వెళ్లింది చెట్టు తొర్రల కోసం. మేమంటే నేను, మా పిన్ని కొడుకు. వాడు ఖమ్మంలో డిగ్రీ చదువుతూ ఇంట్లో ఒక టరాంటులాని పెంచుతున్నాడు. అవును, సాలీడునే. అరచేయంత పెరిగే, ఒళ్లంతా వెంట్రుకలుండే రకం.

వాడిది మెక్సికన్ రెడ్ నీ. పేరు చిట్టి. ఇంకా పిల్లే, కాళ్లు చాపినా ఐదు రూపాయల బిళ్ల కన్నా కాస్త పెద్దది, అంతే. పెంపకంలోనే పుట్టింది. అంతర్జాతీయ వ్యాపారంపై ఆంక్షలున్న సైటిస్ జాబితాలోని జీవి కాబట్టి, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాడు. ఆ కాగితం మాత్రం మా పిన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించి ఉంటుంది. ఎవరైనా అడిగితే చూపించాలట.

మూడు వారాలుగా చిట్టి తిండి ముట్టట్లేదు. కీచురాయి పిల్లని వదిలితే వెనక్కి జరుగుతోంది. పిన్నికి బెంగ. ‘పాపం, ఏం కూర వండాలో చెప్పరా’ అంటుంది. వాడేమో హ్యాపీ! ఎందుకంటే చిట్టి పొట్ట మీద వెంట్రుకలు రాలి చిన్న బట్టతల ఉంది. లేత రంగులో ఉండాల్సిన ఆ చోటు ఇప్పుడు నల్లగా నిగనిగలాడుతోంది. పాత చర్మం కింద కొత్త వెంట్రుకలు సిద్ధమయ్యాయని దానర్థం. కుబుసం విడవడం పాములకే అనుకుంటాం కానీ, సాలీడు కూడా పెరగాలంటే పాత తొడుగు విప్పాల్సిందే.

అప్పుడు పెంచేవాళ్లు చేయాల్సిన పనులు చాలా తక్కువ. తినకుండా మిగిలిన పురుగుని బయటికి తీసేయాలి. కుబుసం విడిచాక సాలీడు ఒళ్లు వెన్నలా మెత్తగా ఉంటుంది, ఆ టైంలో కీచురాయి దాన్నే కొరికేయగలదు. నీళ్ల మూత నిండుగా ఉంచాలి. కొబ్బరి పొట్టు ఒక మూల తడిగా ఉంటే చాలు, సాలీడు మీద స్ప్రే కొట్టకూడదు. డబ్బా కదపకూడదు, చేత్తో తీయకూడదు. ఇంతే. ఏమీ చేయకుండా కూర్చోవడమే అసలు కష్టం. మా వాడు గంటకోసారి మూత దగ్గర కళ్లు పెడుతుంటే, ‘నాలుగు రోజులు దాని మానాన దాన్ని వదిలెయ్’ అని నేనే ఈ ట్రిప్ పెట్టాను. బయల్దేరేముందు డబ్బా మీద చీటీ అంటించాడు: ‘అమ్మా, ముట్టుకోవద్దు.’

అభయారణ్యం లోపలికి కాకుండా అంచున ఉన్న ఊరి పక్కగా నడిచాం. ఆ ఊరి కోయ పెద్దాయన ఒకరు దారి చూపించారు. ‘తాతా, పెద్ద సాలీళ్లు ఎక్కడుంటాయి?’ అని అడిగితే ఎగాదిగా చూసి, ఒక ముసలి మద్ది చెట్టు దగ్గరికి తీసుకెళ్లారు. తొర్ర మూతికి తెల్లటి పట్టు తెర. దాని అంచున ఎనిమిది కాళ్లతో, వెంట్రుకలతో ఖాళీ తొడుగు ఒకటి వేలాడుతోంది. నా అరచేయంత ఉంది.

మా వాడు ఫోన్ టార్చ్ ఆపేశాడు. ‘అక్కా, పుల్ల పెట్టొద్దు. ఇవి చిట్టి లాంటివి కావు’ అన్నాడు. అమెరికా ఖండాల రకాలు చాలావరకు కోపం వస్తే పొట్ట మీది దురద వెంట్రుకలు దులుపుతాయి. మన దేశంలో చెట్ల మీదుండే పొయసిలోథీరియా రకాలకు ఆ వెంట్రుకలు లేవు. కానీ మెరుపులా కదులుతాయి. కరిస్తే విపరీతమైన నొప్పి, కండరాలు పట్టేస్తాయి. తాత మాత్రం సింపుల్‌గా చెప్పారు: ‘తలుపేసుకున్న ఇంటికి మనమెందుకు పోవాలి బిడ్డా?’

తిరిగొచ్చేటప్పుడు టీ కొట్టు దగ్గర ఒకతను మా మాటలు విని, ‘పట్టిస్తే ఎంతిస్తరు?’ అని అడిగాడు. సరదాగా అడగలేదు, నిజంగానే అడిగాడు. ఆ ప్రశ్న నాకు చాలాసేపు గుచ్చుకుంది. అలాంటి బేరాల దెబ్బ తిన్న సాలీడు ఒకటి మన తెలుగు నేలదే. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన ఒక సాలీడుని వర్ణించాడు. నీలమణి రంగు. ఆ తర్వాత వందేళ్లకు పైగా దాని జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. ఇప్పుడు విదేశాల్లో ‘గూటీ సఫైర్’ పేరుతో ఇళ్లలో పెంచుకుంటున్నారు, ఇక్కడి అడవిలో మాత్రం తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతిగా 2008లో ఐయూసీఎన్ జాబితాకెక్కింది. చెట్లు నరకడం ఒక కారణం, పట్టుకెళ్లి అమ్మడం ఇంకొకటి. 2019లో ఈ జాతులన్నిటినీ సైటిస్‌లో చేర్చారు. మా వాడు టీ గ్లాసు పక్కన పెట్టి, ‘ఒక్కటి కూడా వద్దన్నా. పడితే జైలు, మీకూ నాకూ’ అన్నాడు. అతను నవ్వేసి వెళ్లిపోయాడు. నమ్మాడో లేదో!

సరిగ్గా అప్పుడే పిన్ని ఫోన్. సిగ్నల్ ఒక్క గీత.

‘ఒరేయ్, నీ సాలీడు చచ్చిపోయిందిరా. వెల్లకిలా పడిపోయింది. చీమలు పడతాయని చేట తెచ్చా..’

వాడి మొహం పాలిపోయింది. ‘అమ్మా ముట్టుకోకు! తిప్పకు! ఊదకు!’ అని అరుస్తుండగానే కట్. మళ్లీ చేస్తే నాట్ రీచబుల్.

చచ్చిన సాలీడు సాధారణంగా వెల్లకిలా పడదు. కాళ్లు శరీరం కిందికి ముడుచుకుని, మూసిన గుప్పిట్లా అయిపోతుంది. సాలీళ్లు కాళ్లు చాపేది ప్రధానంగా లోపలి ద్రవం ఒత్తిడితోనే. ప్రాణం పోతే ఆ ఒత్తిడీ పోతుంది. వెల్లకిలా పడుకుని కాళ్లు పక్కలకు చాపి ఉంటే మాత్రం అది కుబుసం విడుస్తున్నట్టే. ముందు తల వైపు పైడొప్ప మూతలా తెరుచుకుంటుంది, తర్వాత ఒక్కో కాలినీ చేతి తొడుగులోంచి లాగినట్టు లాక్కుంటుంది. కోరల తొడుగు, ఊపిరితిత్తుల లోపలి పొర కూడా ఊడొస్తాయి. ఆ టైంలో ఎవరైనా పాపమని తిరగేస్తే కాళ్లు ఇరుక్కుపోవచ్చు, ప్రాణమే పోవచ్చు. చేటలోకి ఎత్తితే ఇక చెప్పక్కర్లేదు.

బండి నేనే నడిపాను, వాడి చేతులు వణుకుతున్నాయి. సిగ్నల్ వచ్చేదాకా పాల్వంచ రోడ్డు పట్టాం. దారిలో వాడు ఒక్క మాట మాట్లాడలేదు. ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ తప్ప ‘ఛీ, సాలీడేంట్రా’ అనేవాళ్లే వాడికి ఎక్కువ. ఇప్పుడది పోతే ఏడ్చినా నవ్వుతారు.

పాల్వంచ పొలిమేరలో వాట్సాప్ టింగ్‌మంది. ఫొటో మసకగా ఉంది. జూమ్ చేశాడు. చిట్టి వెల్లకిలా, కాళ్లు చాపి, పక్కన చేట. చేట ఖాళీగానే ఉంది! ఆ వెనకే పిన్ని వాయిస్ మెసేజ్: ‘చీటీ చూసి ఆగాన్రా. గంటయింది. ఇప్పుడు చూస్తే రెండున్నాయి. చచ్చింది ఒకటి, ఈ రెండోది ఎక్కడ్నుంచి వచ్చింది?’

రోడ్డు పక్కన బండి ఆపి ఇద్దరం పిచ్చోళ్లలా నవ్వాం. లారీ క్లీనర్ ఒకడు వింతగా చూసుకుంటూ వెళ్లాడు.

ఖమ్మం చేరేసరికి రాత్రయింది. చిట్టి రంగు తేలి, మోకాళ్ల నారింజ మెరుస్తోంది. కోరలు పాల పళ్లలా తెల్లగా ఉన్నాయి. అవి ఎర్రబడి, పూర్తిగా నల్లబడేదాకా తిండి పెట్టకూడదు. మెత్తటి కోరలతో కొరికితే విరిగిపోతాయి. వారం పట్టొచ్చన్నాడు వాడు. పాత తొడుగుని నీళ్లలో నానబెట్టి లెన్స్ కింద పరిచాడు. ఆడదో మగదో తొడుగు చూసి చెప్పొచ్చట, కానీ చిట్టి ఇంకా చిన్నది. ఆడదైతే ఇరవై ఏళ్లు దాటి బతకొచ్చని వినగానే పిన్ని, ‘అంటే నీ పెళ్లయ్యాక కూడా నేనే చూసుకోవాలా?’ అంది.

నేను హైదరాబాద్ వచ్చేశాను. ఎనిమిదో రోజు పొద్దున్నే పిన్ని నుంచి మెసేజ్. ‘నల్లబడ్డాయి. కీచురాయిని వేశాం. తినేసింది.’ కింద ఫొటో. ఈసారి మసకగా లేదు.