బొగ్గుల్లోకి మారిన ఆర్కిడ్

చైనీస్ న్యూ ఇయర్‌కి కొన్న ఫెలనాప్సిస్ ఆర్కిడ్ కుండీలోంచి నిన్న మురుగు వాసన. పీకి చూస్తే లోపలి నాచంతా తడి ముద్ద. వేరు పట్టుకుంటే తోలు చేతికొచ్చి దారం మిగులుతోంది. మెత్తబడ్డవన్నీ కత్తిరించి, కోతలకి దాల్చినచెక్క పొడి అద్దాను (పోపులపెట్టెకి ఇదో కొత్త డ్యూటీ). గట్టిగా మిగిలినవి మూడే వేర్లు.

సింగపూర్‌లో, ఈ ఆంగ్ మో కియో ఉక్కలో, మా కారిడార్‌లో, ఆ నాచు ఆరేదెప్పుడు? అందుకే ఈసారి బొగ్గులు, ఇటుకముక్కలు, పక్కలకి చిల్లులున్న మట్టికుండీ. కింద సాసర్ మాత్రం పెట్టలేదు. నీళ్లు నిలిచి దోమపిల్లలు కనబడితే ఇక్కడ జరిమానా.

వీడియో కాల్‌లో అమ్మ, "మట్టి లేకుండా ఏం మొక్కరా అది, మామిడిచెట్టు మీద బదనికలాగా!" అంది. ఆర్కిడ్ పేరే వినని మనిషి, దాదాపు పట్టేసింది. ఇదీ చెట్టు బెరడు కరుచుకుని బతికేదే. కాకపోతే బదనికలా చెట్టు రసం తాగదు.