చూపు లేనివారి వంట

పల్నాడు జిల్లాలోని పెదకూరపాడు ప్రాంతము మిరపకును, ప్రత్తికిని పేరు గన్నది. మిరప పండెడి దినములలో ఇచటి యిండ్లయందు పండుమిరపకాయలను ఉప్పు, చింతపండు చేర్చి దంచి పచ్చడి పెట్టుదురు. దంచునపుడు రోలిలోనికి మాటిమాటికి తొంగిచూచువారు అరుదు. కాయలు చిదుగునపుడు రోకలిచప్పుడు ఒక విధముగ నుండును. మెత్తబడిన పిదప అది మారును. ముద్దను వ్రేళ్లనడుమ నలిపి గింజ యెంత నలిగినదో తెలిసికొందురు. ఉప్పు చాలినదో లేదో నాలుక చెప్పును. ఈ పనిలో కంటికి మిగిలిన పాలు స్వల్పము.

అట్లయ్యును, చూపులేని బాలిక యొకతె “అమ్మా! ఈ పూట కూర నేను వండెదను” అని లేచినచో ఏమి జరుగును? “వద్దు తల్లీ! పొయ్యి దగ్గఱకు రాకు, చేయి కాలును” అని తల్లి వారించును. అది ప్రేమయే, సందేహము లేదు. కాని ఆ మాటనే పదేండ్లు వినిన బాలిక పెద్దదైన పిదప, ఇంట నెవరును లేని దినమున, డబ్బాలో బియ్యముండియు ఆకలితో కూర్చుండవలసి వచ్చును. అగ్ని అందఱిని కాల్చును. కన్నులున్నవారు కాల్చుకొనక వండుట నేర్చిరి గదా! చూపు లేనివారికి నేర్పు పద్ధతి వేఱు, అంతే.

పొయ్యి వెలిగించుటకు ముందే గిన్నెను దానిపై నిలిపి, నడుమ కుదిరినదో లేదో చేతితో తడిమి తెలిసికొనవలెను. పమిటచెంగును నడుమున దోపుకొనవలెను. బియ్యముపై వ్రేలు నిలిపి నీటిమట్టమును కణుపులతో కొలుచుట మన అమ్మమ్మలు చేసిన పనియే. గంజి వంచుట అపాయకరము గావున అత్తెసరు మేలు; పోసిన నీరంతయు అన్నములోనే యింకును. చల్లని నీరు గ్లాసులో పోయునపుడు అంచులోపల వ్రేలు వంచి పెట్టిన చాలును. కాఫీ వంటి వేడి పానీయమునకు అది పనికిరాదు. అందులకై గ్లాసు అంచునకు తగిలించు చిన్న పరికరము కలదు. ద్రవము దాని తీగెలను తాకగనే అది కూత వేయును.

తాలింపు చెవితో చేయు పని. ఆవాల చిటపటలు తగ్గుచుండగా కరివేపాకు వేయవలెను. మెంతులు వేగిన వాసన వేఱు, మాడిన వాసన వేఱు. గారె నూనెలో పడగనే పెద్ద చప్పుడు లేచును. పిండిలోని తేమ తగ్గినకొలది ఆ చప్పుడును తగ్గును. అట్టు కాలినదో లేదో అట్లకాడ చెప్పును. కాలనిది పెనమునకు అంటుకొని యడ్డగించును, కాలినది జారి వచ్చును. ఇక ప్రెషర్ కుక్కరు మాట చెప్పనేల? దాని లోపల నేమి జరుగుచున్నదో ఎంతటి చూపుగలవారికిని కనబడదు. అందఱును ఈలలు లెక్కించువారే!

మిరపకాయలు తరుగుటకు ముందు చేతులకు నూనె రాచుకొనుట మంచిది. కారము నీటికి లొంగదు, నూనెలో కరుగును. ఈ జాగ్రత్త అందఱికిని అవసరము.

ఓవెనులో కాల్చు వంట యింకను కష్టమని తోచును. లోపలి రంగు తెలియదు, తాకరాదు. దీనికిని చెవి తోడ్పడునని అమెరికాలో ఒక పోటీయందు వెల్లడియైనది. వియత్నాము నుండి వచ్చిన దంపతుల కుమార్తె క్రిస్టీన్ హా నరముల వ్యాధివలన క్రమముగ చూపు కోల్పోయినది. ‘మాస్టర్‌షెఫ్’ అను టెలివిజను పోటీలో ఆమెను ఆపిల్ పండ్ల పై చేయుమనిరి. అది చెడిపోయినదని తలచి ఆమె కంట తడి పెట్టినది. న్యాయనిర్ణేత గార్డన్ రామ్సే దాని రంగును వర్ణించి, పైపొరపై కత్తిని గీచి ఆ కరకరను ఆమెకు వినిపించెను. 2012లో ఆ పోటీయందు గెలిచినది ఆమెయే.

వీనన్నిటికంటె పెద్ద చిక్కు ఉప్పు, పంచదార జాడీలతో వచ్చును. భారతీయ భాషలకు ఒకే విధమైన బ్రెయిలీ లిపి 1951లో ఏర్పడినది. అందు ‘ఉ’కారమునకు మూడు చుక్కలు, ‘ప’కారమునకు నాలుగు. ఆ చుక్కల చీటీలు అంటించిన చాలును. లిపి రానివారు ఒక జాడీకి ఒక రబ్బరు బ్యాండు, రెండవదానికి రెండు తగిలింపవచ్చును. ఎన్ని గుర్తులు పెట్టినను, అన్నయో వదినయో వచ్చి కత్తిని తీసికొని వేఱొక చోట పడవైచిన, ఆమె చేయి వెదకుచు పోయి అంచునకు తగులును. ఆ యింట మొదట నేర్వవలసినవారు చూపున్నవారు.

హైదరాబాదులో 1987లో నెలకొన్న ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో, చూపు తిరిగి రానివారికి నిత్యకృత్యములు నేర్పు పునరావాస విభాగము కలదు. ఇంటియొద్ద నేర్పువారు చల్లని పనులతో ఆరంభింపవలెను: నిమ్మకాయ పిండుట, పిండి కలుపుట, పప్పు కడుగుట. పిదప వెలిగింపని పొయ్యిపై గిన్నె నుంచి గరిటె త్రిప్పుట. అటు తరువాత అగ్గిపుల్ల గీయవచ్చును. ఆనాడు తల్లి ప్రక్కనే నిలువవలెను. గరిటె మాత్రము బాలిక చేతనే యుండవలెను.