రాయదుర్గం దారిలో మా పాత వ్యాను

బళ్ళారి నుండి రాయదుర్గం పోవడాన్ని మా ఇంటిలో ఎవరూ ప్రయాణమనరు, పొరుగూరికి పోయిరావడమే. 1953 అక్టోబరు 1వ తేదీన ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకూ, బళ్ళారి మైసూరుకూ చేరినవి. మా అవ్వ పుట్టినప్పుడు అంతా ఒకటే జిల్లా. తన పుట్టినూరు వేరే రాష్ట్రంలో ఉన్నదంటే ఆమె నేటికీ నవ్వుతుంది.

అవ్వకు నడుము నొప్పి, బస్సులో కూర్చోలేదు. అందుచేత మా పాత మాటడోర్ వ్యానులో మడత బల్ల, పరుపు, స్టవ్వు, నీళ్ళ డబ్బాలు అమర్చుకున్నాము. నెలకొకసారి ఆమెను పడుకోబెట్టి తీసుకొనిపోతాము. పోయిన వేసవిలో లెక్క చూచుకుంటే, మా ఇంటి నుండి ఆ పల్లెకు రానుపోను 104 కిలోమీటర్లకు 13 లీటర్ల డీజిల్ పట్టింది. లీటరుకు 8 కిలోమీటర్లే! "అమ్మేద్దాము" అన్న మాట ఇంటిలో పుట్టింది. అవ్వ ఏమీ అనలేదు. ఆ మౌనమే మమ్ములను ఆపింది.

సరిహద్దువాళ్ళమైన మాకు తెలిసిన ఉపాయం ఒకటే: ఆంధ్రలో కంటె ఇక్కడ డీజిల్ చవుక గనుక, బళ్ళారిలోనే నింపుకొని పోవడం. దానితో డబ్బు మిగులుతుంది గాని, బండి దాహం తగ్గదు గదా!

మా వీథి మెకానిక్ ముందుగా ఇంజను జోలికి పోలేదు. జాకీ ఎత్తి చక్రాలు చేతితో తిప్పినాడు. వెనుక ఎడమ చక్రం కదలలేదు. "ఏం సార్, బ్రేకు వేసుకొనే రాయదుర్గం పోయివస్తున్నారే!" అన్నాడు. సిగ్గుపడినాము. తప్పు బండిది కాదు, దాని ఆలనాపాలనా చూడని మాది. ఎయిర్ ఫిల్టరు తీస్తే, ఓబుళాపురం వైపు ఎర్రదుమ్మంతా అందులోనే ఉన్నది. దానిని మార్పించినాము.

తక్కిన పని ఇంటివద్దనే జరిగింది. ఎప్పుడో వేసి మరచిన పైకప్పు క్యారియరును దించినాము. గాలికి అది అడ్డుగోడ. 40 లీటర్ల నీళ్ళంటే 40 కిలోలు; పోయేది చుట్టాలింటికి గనుక ఒక్క బిందెడు చాలుననుకున్నాము. తెల్లవారుజామున, టైర్లు చల్లగా ఉండగా, బరువుకు తగినంత గాలి పట్టించినాము. వేగం 50 దాటనీయలేదు. పల్లం వచ్చినప్పుడు న్యూట్రలు చేయడం పొదుపని కొందరంటారు, అది ప్రమాదం. గేరులోనే ఉంచి కాలు తీస్తే ఇంజను బండిని పట్టి ఉంచుతుంది, డీజిల్ కూడా తగ్గుతుంది.

తిరిగివచ్చి, అదే బంకులో, అదే మట్టానికి నింపితే 10 లీటర్లు పట్టింది. కొత్త కారుతో పోటీ కాదు గాని, ప్రతి ప్రయాణానికి 3 లీటర్లు మిగిలినట్లే.

ఆనాడు రాయదుర్గం కొండ కనబడగానే అవ్వ పరుపు మీద లేచి కూర్చున్నది. "ఇంత మెల్లగా వస్తే చేలన్నీ కనబడినాయిరా" అన్నది. వ్యాను అమ్మకం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.